ఏవియేషన్ డిగ్రీ: ఏ యూనివర్సిటీలో పద్ధతి బాగుందో ఎలా పసిగట్టాలి?

ప్రశ్న: అమెరికాలో గుర్తింపు ఉన్న ఏవియేషన్ డిగ్రీతో 1,500 ఫ్లైట్ గంటలకు బదులు 1,000 గంటలకే పరిమిత ఏటీపీకి (ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్‌గా ఎగరడానికి కావాల్సిన లైసెన్సు) అర్హత వస్తుంది. ఫీజులు, విమానాలు పోల్చుకోవచ్చు. క్రమశిక్షణ ఎక్కడ బాగా అబ్బుతుందో ముందే తెలిసేదెలా అండీ?

జవాబు 1: ర్యాంప్ (విమానాలు నిలిపి ఉంచే చోటు) దగ్గర అరగంట గమనించండి. శిక్షణకి వాడే చిన్న విమానం సెస్నా 172ఎస్‌లో, నీళ్లూ మురికీ ఉన్నాయేమోనని ఎగిరే ముందు కాస్త ఇంధనం తీసి చూడాల్సిన డ్రెయిన్లు 13: ఒక్కో రెక్కకి 5, పొట్ట కింద 3. రెండు చూసి ఎక్కేస్తున్నారంటే అది ఒక్క కుర్రాడి బద్ధకం కాదు, పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ ఊరుకుంటున్నాడన్నమాట. రనప్‌లో (ఎగిరే ముందు చేసే ఇంజిన్ పరీక్ష) 1,800 ఆర్‌పీఎం దగ్గర రెండు మాగ్నెటోలని (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) ఒక్కొక్కటిగా చూస్తారు; దేనికైనా ఆర్‌పీఎం 150కి మించి పడినా, రెంటి మధ్య తేడా 50 దాటినా విమానాన్ని వెనక్కి తేవాలి. అలా తెచ్చిన విద్యార్థితో డిస్పాచ్‌లో (విమానాలు కేటాయించే కౌంటర్) ఎలా మాట్లాడతారో వినండి. "స్లాట్ పాడైంది" అని విసుక్కుంటే, ఈసారి వాడు తేడా ఉన్నా ఎగిరిపోతాడు.

జవాబు 2: ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది నిన్నమొన్నటి విద్యార్థులే, గంటలు పోగేసుకుంటున్నవాళ్లు. ఎగిరితేనే జీతమైతే మబ్బు పట్టినా "వెళ్దాం" అంటారు. రద్దయిన ఫ్లైట్‌కి డబ్బులిస్తారా అని తప్పక అడగండి. పగటి వీఎఫ్ఆర్‌కి (కంటితో చూస్తూ ఎగరడం) చట్టం అడిగే ఇంధన నిల్వ 30 నిమిషాలే. గంట అని సొంతంగా రాసుకుని పాటించే చోటు నయం.

జవాబు 3: సేఫ్టీ రిపోర్టుల సంగతీ అడగండి. నాసా నడిపే ఏఎస్ఆర్ఎస్ (పైలట్లు తమ తప్పుల్ని, ప్రమాదకర సంఘటనల్ని స్వచ్ఛందంగా రాసి పంపే వ్యవస్థ) 1976 నుంచి ఉంది. తెలియక చేసిన తప్పుని 10 రోజుల్లో రాసిస్తే, నిబంధనల మేరకు ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) జరిమానా నుంచి మినహాయింపు దొరకొచ్చు. కాలేజీలో కూడా అలాంటిది ఉందా, పోయిన సెమిస్టర్‌లో ఎన్ని వచ్చాయి, వాటివల్ల ఏం మార్చారు? "ఒక్కటీ రాలేదు" అంటే అక్కడ పిల్లలు భయపడుతున్నారని అర్థం.