షాంపూ లేబుల్‌లో నిజంగా చూసుకోవాల్సిన పేర్లు ఏవి?

నురగ:
సీసా ముందువైపు 'సల్ఫేట్ ఫ్రీ, పారబెన్ ఫ్రీ' అని పెద్దక్షరాలతో ఉంది. అయినా తలలో దురద, చెవుల వెనక ఎరుపు, మెడ పక్కల పొక్కులు. వెనక లేబుల్ తిప్పితే నోరు తిరగని పేర్లు ముప్పై దాకా ఉన్నాయండీ. వీటిలో ఏది కనిపిస్తే సీసా పక్కన పెట్టేయాలి? ఏది ఉన్నా పట్టించుకోనక్కర్లేదు?

వెనక_లేబుల్:
మీరు చెప్పిన చోట్లు చూస్తే ముందు ప్రిజర్వేటివ్‌లనే (షాంపూ చెడిపోకుండా కలిపేవి) అనుమానించాలి. చెవుల వెనక, మెడ పక్కలు, నుదుటి అంచు, కనురెప్పలు... తల కడిగినప్పుడు నురగ కిందికి జారే దారి ఇదే. తల చర్మం మందం కాబట్టి అక్కడ పెద్దగా తెలియదు, ఈ పల్చటి చోట్ల దద్దురు తేలుతుంది.

మొదట వెతకాల్సిన పేరు మిథైల్‌ఐసోథయాజోలినోన్. దాని జంట మిథైల్‌క్లోరోఐసోథయాజోలినోన్. జాబితా చివర్లో ఉంటాయి. 'చివర్లో ఉందిగా, ఏమంత ఉంటుందిలే' అనుకోవద్దు. ఒక శాతం దాటినవాటినే ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు, ఆ లోపువాటిని ఏ వరుసలోనైనా పెట్టొచ్చు. పైగా ఈ రసాయనానికి చిటికెడు కూడా అక్కర్లేదు. యూరప్‌లో కడిగేసే ఉత్పత్తుల్లో దీని పరిమితి 0.0015 శాతం, అంటే పది లక్షల్లో 15 వంతులు. ఒంటికి రాసి వదిలేసే క్రీముల్లోనైతే పూర్తిగా నిషేధం. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో 'ఆ ఏటి అలర్జెన్'గా, అంటే అలర్జీ తెచ్చే పదార్థంగా, ప్రకటించింది మిథైల్‌ఐసోథయాజోలినోన్‌నే.

రెండో గుంపు ఫార్మాల్డిహైడ్ వదిలేవి: డీఎండీఎం హైడాంటాయిన్, ఇమిడజోలిడినైల్ యూరియా, డయాజోలిడినైల్ యూరియా, క్వాటర్నియం-15, సోడియం హైడ్రాక్సీమిథైల్‌గ్లైసినేట్. లేబుల్ మీద ఫార్మాల్డిహైడ్ అన్న మాటే కనబడదు. సీసాలో ఉన్నన్నాళ్లూ కొద్దికొద్దిగా దాన్ని వదులుతూ సూక్ష్మజీవుల్ని చంపడమే వీటి పని. అందరికీ పడదని కాదు. ఒకసారి అలర్జీ పట్టుకుంటే మాత్రం ఈ గుంపు మొత్తాన్నీ వదులుకోవడమే మేలు.

మూడోది పర్ఫ్యూమ్ లేదా ఫ్రాగ్రెన్స్. ఆ ఒక్క మాట కింద పదుల కొద్దీ రసాయనాలు దాక్కుంటాయి. 'అన్‌సెంటెడ్' అంటే వాసన తెలియదని మాత్రమే, అసలు వాసనను కప్పడానికి మరో సువాసన కలిపి ఉండొచ్చు. మీకు కావాల్సింది 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అన్నది.

ఫార్ములా_బెంచ్:
పై జవాబుతో ఏకీభవిస్తూనే, పారబెన్లు అనే ప్రిజర్వేటివ్‌ల గురించి ఒక మాట. వాటి మీద భయం పెరిగాక చాలా కంపెనీలు వాటిని తీసేసి, ఆ చోట పైన చెప్పిన ఐసోథయాజోలినోన్‌లనే పెట్టాయి. అలర్జీ లెక్కన చూస్తే ఇది నష్టపు బేరం. అదే సొసైటీ 2019లో పారబెన్లను 'నాన్ అలర్జెన్'గా ఎంచుకుంది. ఐసోప్రొపైల్, ఐసోబ్యుటైల్ లాంటి ఐదు రకాలను యూరప్ 2014లో నిషేధించిన మాట నిజమే, మిథైల్, ఇథైల్ పారబెన్లు మాత్రం 0.4 శాతం దాకా ఇప్పటికీ అక్కడ చెల్లుతాయి.

మురికి కడిగి నురగ తెచ్చే సల్ఫేట్ల విషయంలో రెండు పేర్లను కలిపేయొద్దు. సోడియం లారిల్ సల్ఫేట్ చర్మాన్ని గట్టిగానే రేపుతుంది, ప్రయోగాల్లో చర్మాన్ని కావాలని రేపడానికి వాడేది కూడా దాన్నే. సోడియం లారెత్ సల్ఫేట్ అంతకంటే నయం. పక్కన కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే మరో కడిగే పదార్థం ఉంటే రెండూ కలిసి ఏర్పడే మైసెల్స్ (అణువుల చిన్న గుంపులు) వల్ల తీవ్రత ఇంకా తగ్గుతుంది. ఇది మంట, పొడిబారడం సంగతి. క్యాన్సర్ తెస్తుందన్నది ఉత్త పుకారు. లారెత్ తయారీలో 1,4-డయాక్సేన్ అనే మలినం మిగలొచ్చు, అది ముడిసరుకులో తీసేయాల్సిన విషయం, లేబుల్ చూసి పట్టుకోలేం.

'సల్ఫేట్ ఫ్రీ' అని సోడియం సీ14-16 ఓలెఫిన్ సల్ఫోనేట్ పోసినవీ ఉన్నాయి. పేరులో సల్ఫేట్ లేదు, కడిగే జోరు మాత్రం ఏమీ తగ్గదు. మెత్తటిది కావాలంటే మొదటి నాలుగైదు పేర్లలో సోడియం కోకాయిల్ ఐసిథయోనేట్ ఉందేమో చూడండి. నురగ కోసం వేసే కోకమైడ్ డీఈఏ ఉంటే వదిలేయడమే మంచిది, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ దాన్ని 2బీ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది.

నురగ:
థ్యాంక్సండీ. మరి పూర్తిగా సహజం, ప్రిజర్వేటివ్ లేదు అనేవి తీసుకుంటే? కొత్త సీసాను ముందే పరీక్షించుకునే దారి ఉందా?

వెనక_లేబుల్:
నీళ్లున్న షాంపూలో ప్రిజర్వేటివ్ లేకపోతే బ్యాక్టీరియా పెరుగుతుంది, తడి బాత్‌రూంలో మరీనూ. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ అనే ప్రిజర్వేటివ్‌లు ఉన్నవి చూడండి. ఇవి ఆమ్ల స్వభావంలోనే సరిగా పనిచేస్తాయి కాబట్టి పీహెచ్ 5 దగ్గర ఉండాలి. సహజ నూనెల్లోని లిమోనిన్, లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణ చెందితే అవే అలర్జీకి కారణమవుతాయి. టీ ట్రీ నూనెదీ ఇదే కథ.

పరీక్షకు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర షాంపూ రాసి, 5 నిమిషాలుంచి కడిగేయండి. రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు. రాసి పైన బ్యాండేజీ కట్టొద్దు. కడిగేసే సరుకు గంటల తరబడి అలా ఉంటే ఎవరికైనా ఎర్రబడుతుంది, దాంతో అది అలర్జీయో, మామూలు మంటో తేల్చలేం. ఏమీ కాకపోయినా పూర్తి భరోసా కాదు. దద్దురు మళ్లీ మళ్లీ వస్తుంటే చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపుకు పట్టీలు అంటించి 48 గంటలకు తీసి చూస్తారు, తర్వాత 96 గంటలకు ఇంకోసారి. ఇది ఆలస్యంగా బయటపడే అలర్జీ కాబట్టి మొదటి రోజే ఏమీ లేదని అనుకోవడానికి లేదు.

ఫార్ములా_బెంచ్:
తలలో జిడ్డుగా, పసుపు పొట్టు రాలుతుంటే అసలు సమస్య చుండ్రే కావచ్చు. అప్పుడు లేబుల్ వడపోత ఎంత చేసినా దురద పోదు. ఫంగస్‌ను అణిచే మందు కీటోకోనజోల్ ఉన్న షాంపూ తలకు పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఉంచి కడగాలి, పెట్టగానే కడిగేస్తే పనిచేయదు. అందులోనూ పర్ఫ్యూమ్, ఇమిడజోలిడినైల్ యూరియా ఉండొచ్చు, కాబట్టి మందే కదా అని వెనక చదవకుండా కొనకండి.