మన సంఘం వార్షిక నివేదిక: ఏఐ సర్టిఫికెట్‌ను విజయం అనవచ్చా?

పాతికేళ్ల_కౌన్సిలర్:
కెరీర్ కౌన్సిలర్లు, రెజ్యూమే రాసేవాళ్లు ఉన్న మన సంఘం ఈ ఏడాది నివేదిక పంపింది. ఏఐ సర్టిఫికెట్ కోర్సు, సభ్యులకు డ్రాఫ్టులు రాసిపెట్టే టూల్, వెబినార్లు అన్నీ 'మన విజయాలు' కిందే ఉన్నాయి. కోర్సు పెట్టడం తప్పనను. దాన్ని విజయం అనడమే మింగుడుపడటం లేదు. 1908లో బోస్టన్‌లో వొకేషన్ బ్యూరో (వృత్తి ఎంచుకోవడంలో సాయపడే కేంద్రం) పెట్టిన ఫ్రాంక్ పార్సన్స్ చెప్పిన మొదటి మెట్టు, మనిషి తనను తాను తెలుసుకోవడం. ఉద్యోగాల సంగతి ఆ తర్వాతే. ఆ మొదటి మెట్టు గురించి నివేదికలో ఒక్క ముక్క లేదు.

నిశ్చల:
సార్, చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చింది. ఇప్పుడు క్లయింట్లే డ్రాఫ్ట్ రాయించుకుని వస్తున్నారు. మనం నేర్చుకోకపోతే వాళ్లకు చెప్పడానికి ఏం మిగులుతుంది? పైగా కంపెనీల సాఫ్ట్‌వేర్ 75 శాతం రెజ్యూమేలను మనిషి చూడకముందే తిప్పికొడుతోంది.

రెజ్యూమే_మిత్ర:
ఆ 75 శాతానికి ఆధారం ఏది? ఎవరిని అడిగినా ఇంకెవరో చెప్పారంటారు. చాలాచోట్ల ఆ సాఫ్ట్‌వేర్ దరఖాస్తులను భద్రపరిచి, వెతుక్కోవడానికి వీలుగా పెడుతుంది. పని చేయడానికి అనుమతి ఉందా లాంటి ప్రశ్నకు 'లేదు' అని కొడితే మాత్రం అక్కడే ఆగిపోవచ్చు.

నిశ్చల:
శాతం సంగతి వదిలేయండి. రెజ్యూమేలో 'విమెన్స్' అన్న మాట కనిపిస్తే మార్కులు తగ్గించే ఏఐని అమెజాన్ ప్రయోగాత్మకంగా తయారుచేసి మానుకుందని 2018లో బయటపడింది. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన చట్టం నియామకాల ఏఐని హైరిస్క్ కోవలో పెట్టింది. ఇవన్నీ నాకు కోర్సులోనే తెలిశాయి.

రెజ్యూమే_మిత్ర:
ఎలా వదిలేస్తాం? కోర్సు స్లైడ్‌లోనే ఆ అంకె ఉంది. ఉద్యోగం లేక భయంతో ఉన్నవాళ్లను ఇంకా భయపెట్టే అంకె అది. ముందు అది తీయించండి.

కొత్తసభ్యుడు:
నాకైతే కోర్సు వల్ల టెన్షన్ తగ్గింది.

పాతికేళ్ల_కౌన్సిలర్:
ఒక ఇంటర్వ్యూ గురించి చెప్తాను. ఒకామె గోడౌన్‌లో పదకొండేళ్లు పనిచేసింది. ఆరుగురి షిఫ్టు చూసేది. కౌన్సిలర్ ఏఐతో రాయించిన రెజ్యూమేలో 'పెద్ద బృందానికి నాయకత్వం వహించి, వ్యూహాత్మక మార్పు సాధించారు' అని వచ్చింది. ఇంటర్వ్యూలో వేలు ఆ లైను మీద పెట్టి, ఆ మార్పు ఏంటని అడిగారు. ఆమె నోరు పెగల్లేదు. నిజానికి ఆమె చేసింది గొప్ప పనే. వెనక్కి వచ్చే పెట్టెలు ఎక్కడ తారుమారవుతున్నాయో కనిపెట్టి, రెండు ర్యాకుల మధ్య రంగు టేపు వేయించింది. అది ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి.

నిశ్చల:
ఒక్క కౌన్సిలర్ చేసిన పొరపాటును అందరికీ అంటగడతారా? ఏఐ రాకముందు అబద్ధపు రెజ్యూమేలు లేవా?

పాతికేళ్ల_కౌన్సిలర్:
ఆమె నా చెల్లెలు. ఆ ఇంటర్వ్యూ తర్వాత నాలుగు నెలలు ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు. తన గురించి తనే అబద్ధం చెప్పినట్టు సిగ్గుపడింది.

నిశ్చల:
సారీ సార్, నాకు తెలియదు.
కానీ నా మాట కూడా వినండి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో సీనియర్లను ఒక్క నమూనా రెజ్యూమే చూపించమని అడిగాను. ఒక్కరూ చూపించలేదు. ఒక రెజ్యూమే మీద రాత్రంతా కూర్చునేదాన్ని. డబ్బు ఇవ్వలేనివాళ్లను వెనక్కి పంపేదాన్ని. ఇప్పుడు డ్రాఫ్ట్ పని తగ్గింది కాబట్టి ప్రతి వారం ఇద్దరికి ఉచితంగా చేస్తున్నాను. అది విజయం కాదా? మీకు కోపం ఏఐ మీదా, మాలాంటివాళ్లు తొందరగా నేర్చుకోవడం మీదా?

పాతికేళ్ల_కౌన్సిలర్:
నమూనాలు చూపించకపోవడం మా తప్పే. ఒప్పుకుంటున్నాను. నా కోపం మీ మీద కాదు. నివేదిక మొత్తం మనకు ఎంత టైం కలిసొచ్చిందనే ఉంది. ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో ఒక్క లైను లేదు. సంఘం ఎవరి కోసం?

నిశ్చల:
ఉద్యోగాలు లెక్కపెడితే ఏమవుతుందో తెలుసా? తేలిగ్గా ఉద్యోగం వచ్చేవాళ్లనే చేర్చుకుంటాం. యాభై దాటినవాళ్లను, మధ్యలో గ్యాప్ ఉన్నవాళ్లను తప్పించుకుంటాం. ఆ లెక్కకు నేను ఓటు వేయను.

పాతికేళ్ల_కౌన్సిలర్:
ఆ మాట నిజమే, నేను ఆలోచించలేదు. పోనీ ఇది లెక్కపెట్టండి: రెజ్యూమేలో ప్రతి లైనునూ క్లయింటు తన మాటల్లో చెప్పగలరా? పంపేముందు ఎదురుగా కూర్చోబెట్టి చదివించాలి. సర్టిఫికెట్‌కు అదే పరీక్ష పెట్టమని సర్వసభ్య సమావేశంలో అడుగుతాను.

నిశ్చల:
పెట్టమనండి, నేనూ సంతకం చేస్తాను. సర్టిఫికెట్ తీసేయాలంటే మాత్రం ఒప్పుకోను.

రెజ్యూమే_మిత్ర:
75 శాతం స్లైడ్ సంగతి కూడా అందులో రాయండి.

కొత్తసభ్యుడు:
ఒక సందేహం. క్లయింటు ఫోన్ నంబరు, పాత జీతం, ఉద్యోగం ఎందుకు పోయిందో అన్నీ టూల్‌లో పెట్టేశాను. ముందు వాళ్లను అడగలేదు. ఇప్పుడు వాళ్లకు చెప్పాలా?