ఓసీడీ మెదడు జబ్బే అయితే మందు ఒక్కటే చాలదా?

నాడీకణం:
ఓసీడీని, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి కోసం మళ్లీమళ్లీ చేసే పనులను, చాదస్తమని కొట్టిపారేయడం ఇంకా పోలేదు. ఇది మెదడు జబ్బు. కనుగుంటల పైనుండే మెదడు భాగం, ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్, ‘ఏదో తేడాగా ఉంది’ అని అరుస్తుంది. మెదడు లోపలున్న కాడేట్ అనే భాగం ఆ అరుపును వడకట్టాలి. అది వడకట్టకపోతే అరుపు థాలమస్ అనే మరో భాగం మీదుగా తిరిగి కార్టెక్స్‌కే చేరుతుంది. ఎన్నిసార్లు కడిగినా చెయ్యి కడిగినట్టు అనిపించకపోవడం అందుకే. పైగా సెరటోనిన్ అనే మెదడు రసాయనం మీద పనిచేసే క్లోమిప్రమిన్ మందుకు ఓసీడీ తగ్గుతుంది, నోరెపినెఫ్రిన్ అనే ఇంకో రసాయనం మీద పనిచేసే డెసిప్రమిన్‌కు తగ్గదు. కాబట్టి మందే వైద్యం, థెరపీ తోడు మాత్రమే.

ఎడమచెయ్యి:
సర్క్యూట్ దాకా మీతోనే ఉన్నాను. సెరటోనిన్ దగ్గర ఆగుతాను. సబ్బుతో మురికి పోయిందని, సబ్బు తక్కువై మురికి పట్టిందంటామా? సెరటోనిన్‌కు ముడిసరుకైన ట్రిప్టోఫాన్ తగ్గించి దాని తయారీని కుదించిన ప్రయోగాల్లో ఓసీడీ పెద్దగా ముదరలేదు. ఇక 1992లో లాస్ ఏంజెలిస్‌లో బాక్స్టర్ బృందం కొందరికి ఫ్లూక్సెటిన్ మందు, కొందరికి ప్రవర్తనా చికిత్స ఇచ్చి, మెదడులో గ్లూకోజ్ వాడకం చూపే పెట్ స్కాన్ తీసింది. తేరుకున్నవాళ్లలో, ఏ చికిత్స తీసుకున్నా, కుడి కాడేట్‌లో గ్లూకోజ్ వాడకం తగ్గింది. మాత్ర మింగకుండానే మెదడు మారింది మరి. 2005లో వచ్చిన అమెరికా పరీక్షలో ఈఆర్పీకి (భయపడేదాన్ని ఎదుర్కొంటూ, కడుగుడు లాంటి పనిని ఆపే థెరపీ) 62 శాతం, క్లోమిప్రమిన్‌కు 42, రెండూ కలిపితే 70, ఉత్తుత్తి మాత్రకు 8 శాతం మంది స్పందించారు.

మందులచీటీ:
ఆ 42 కూడా బయట రావడం లేదు, ఎందుకంటే డిప్రెషన్ డోసు ఓసీడీకి రాస్తున్నారు. సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు నెల వాడి ‘పనిచేయలేదు’ అంటే ఎలా? దీనికి తరచూ 200 దాకా, ఫ్లూక్సెటిన్ అయితే 60–80 దాకా వెళ్లాలి. మొత్తం 8–12 వారాలు చూడాలి, అందులో కనీసం 4–6 వారాలు తట్టుకోగల గరిష్ఠ డోసులో. క్లోమిప్రమిన్ 25తో మొదలై 250 దాటకూడదు. డోసు పెరిగేకొద్దీ ఫిట్స్ ప్రమాదం ఉంది, ఈసీజీ చూడాలి. దాన్ని ఫ్లూవోక్సమిన్‌తోనో ఫ్లూక్సెటిన్‌తోనో కలిపితే రక్తంలో దాని మోతాదు అమాంతం పెరుగుతుంది. తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు వాడి మెల్లగా దించాలి.

నాడీకణం:
సరే, ఈఆర్పీ చేసేవాళ్లేరీ? కౌన్సెలింగ్ పేరుతో ‘ఏం కాదమ్మా, ధైర్యంగా ఉండు’ అని పంపేస్తున్నారు.

ఎడమచెయ్యి:
ఆ ‘ఏం కాదమ్మా’ కూడా కడుగుడు లాంటిదే. కాసేపు ఊరట, మళ్లీ అదే అనుమానం. ఈఆర్పీలో భయాలకు 0–100 మార్కులు వేసి, 30–40 దగ్గర మొదలుపెడతారు. తలుపు గడియ పట్టుకోవాలి, చెయ్యి కడగకూడదు. అదే చేత్తో చొక్కా, దిండు కూడా ముట్టుకోవాలి. చెడేది ఎక్కడంటే, ‘సాయంత్రం స్నానం చేస్తాలే’ అని మనసులోనే కడిగేసుకోవడం, లోలోపల మంత్రం చదవడం, ‘గ్యాస్ కట్టేశానా?’ అంటే ఇంట్లోవాళ్లు పదిసార్లు ‘కట్టేశావు’ అనడం. ఆ జవాబులు కూడా చెప్పాపెట్టకుండా ఒక్కరోజులో ఆపేయకూడదు, ముందే మాట్లాడుకుని తగ్గించాలి.

మందులచీటీ:
మంచం దిగలేనంత డిప్రెషన్‌లో ఉన్న మనిషిని గడియ పట్టుకోమంటే పట్టుకుంటాడా? అక్కడ మందే ముందు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ లాంటి మందు) చాలనివాళ్లకు చాలామంది డాక్టర్లు వెంటనే రిస్పెరిడోన్ అనే యాంటీసైకోటిక్ మందు కలుపుతారు. 2013 నాటి పరీక్షలో అలా కలిపితే 23 శాతం మందే స్పందించారు, ఈఆర్పీ కలిపితే 80.