తరగతికి ఒక మంచి మైక్రోస్కోపా, పిల్లలందరి చేతికీ కాగితపు మైక్రోస్కోపులా?

ప్రధానోపాధ్యాయుడు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా:
మా పాఠశాలలో తెలుగు ఇంటిభాషగా ఉన్న పిల్లలతో పాటు కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలూ చదువుతున్నారు. ఒక దాత ఇస్తామన్న సొమ్ముతో ఆరు నుంచి ఎనిమిది తరగతుల జీవశాస్త్ర బోధనకు నాణ్యమైన సంయుక్త సూక్ష్మదర్శిని ఒకటి కొనాలా, లేక ఫోల్డ్‌స్కోపులు అనే కాగితపు మైక్రోస్కోపులు తెప్పించి పిల్లలందరికీ ఇవ్వాలా అన్న విషయంలో మా సిబ్బందికి ఏకాభిప్రాయం కుదరలేదు. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు, జూనియర్ కళాశాల:
మంచి పరికరమే కొనండి. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో మనూ ప్రకాశ్ బృందం వెలువరించిన ఫోల్డ్‌స్కోపు మెచ్చదగినదే. అయితే కాగితపు మడతల్లో చిన్న గోళాకార కటకాన్ని అమర్చిన ఆ పరికరం వస్తువును సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపుతుంది, అంతే. సంయుక్త సూక్ష్మదర్శినిలో 10 రెట్ల అక్షికటకానికి 40 రెట్ల వస్తుకటకం తోడైతే 400 రెట్లు వస్తుంది. పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు కూడా ఉండని కడ్డీ. దాన్ని చూపించవలసి వచ్చినప్పుడు ఈ తేడాయే కీలకమవుతుంది.

జీవశాస్త్ర ఉపాధ్యాయిని, ఉన్నత పాఠశాల:
అధ్యాపకులవారి లెక్క సరైనదే, కాని తరగతి గది లెక్క వేరు. 45 నిమిషాల పీరియడులో 40 మంది ఒకే పరికరం ముందు వరుస కడితే ఒక్కొక్కరికి దక్కేది నిమిషం. ఆ నిమిషంలోనూ ఫోకస్ సరిచేసేది, స్లైడు కదిపేది ఉపాధ్యాయులే. విద్యార్థి "కనిపించింది టీచర్" అని పక్కకు తప్పుకుంటాడు. ఆ జవాబును నేను నమ్మను.

ఉల్లిపొర మీద కవర్ స్లిప్పును (స్లైడు మీద కప్పే పలుచని గాజు పలకను) ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చకపోతే గాలి బుడగలు చిక్కుకుంటాయి. నల్లటి మందపాటి అంచుతో, గుండ్రంగా, కొట్టొచ్చినట్టు కనిపించే ఆ బుడగనే చాలామంది పిల్లలు కణమనుకుని గీస్తారు. ఇటుకల వరుసలా పేర్చినట్టుండే అసలు కణాలు సఫ్రానిన్ అనే ఎర్ర రంగు చుక్క పడితే గాని అంత స్పష్టంగా తేలవు. ఈ తేడా తెలియాలంటే విద్యార్థి స్లైడును తానే పాడుచేసి, తానే మళ్లీ తయారుచేసుకోవాలి. అందుకు పరికరం తన చేతిలో ఉండాలి. ఉల్లిపొర కణం పొడవు మిల్లీమీటరులో సుమారు నాలుగో వంతు ఉంటుంది కాబట్టి దానికి 140 రెట్లు ధారాళంగా చాలు. చెరువు నీటిలోని ఏకకణ జీవి పారమీషియానికీ చాలు.

ఇంటిభాషల ప్రస్తావన వచ్చింది గనుక ఇదీ చెప్పాలి. తెలుగులోనో ఇంగ్లీషులోనో వాక్యం కూర్చలేక మౌనంగా ఉండిపోయే కోయ విద్యార్థిని, చూసినది గీయమంటే, పుస్తకంలోని బొమ్మను దించకుండా పొర చిరిగిన మూలతో సహా గీసి చూపుతుంది. అలా చూసి గీసిన పటానికి తగిన విలువ దక్కకపోవడం నన్ను బాధిస్తుంది.

భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) ఉపాధ్యాయుడు:
చూపు మందగించిన పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. కంటికి ఆనించి చిన్న కటకంలోంచి చూడటం వారికి చాలా కష్టం. ఏది కొన్నా ఫోన్ కెమెరాను దానికి జోడించి దృశ్యాన్ని పెద్ద తెర మీద చూపే ఏర్పాటు ఉండాలి. బొత్తిగా చూపు లేనివారికి కణం అంచుల వెంట దారం అతికించిన పటం ఇవ్వవచ్చు.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు:
బుడగ సంగతి నిజం. ఇంటర్‌లో చేరేవారిలోనూ ఆ పొరపాటు చూస్తున్నాను. అయినా పెరుగు పాఠం గురించి నా అభ్యంతరం అలాగే ఉంది.

జీవశాస్త్ర ఉపాధ్యాయిని:
ఆ ఒక్క పాఠానికి పిల్లలను దగ్గరలోని జూనియర్ కళాశాల ప్రయోగశాలకు తీసుకువెళ్లవచ్చు. ప్రాక్టికల్స్ లేని ఒక మధ్యాహ్నం మీ కళాశాలలో అనుమతి ఇప్పించగలరా?