ఇంటర్‌లో ఎంఎల్‌టీయా, బైపీసీయా?

ఆమదాలవలస నుంచి:
మా చెల్లి టెన్త్ పాసైంది, నర్సింగ్ చేస్తానని ఒకటే పట్టు. ఇక్కడ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) సీట్లు మిగిలాయంటున్నారు, అందులో చేర్పిస్తే తర్వాత దారి మూసుకుపోతుందేమోనని అమ్మకి టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొండ నుంచి:
మూసుకుపోదండి, బ్రిడ్జ్ కోర్సు, అంటే ఒకేషనల్ పిల్లలు అదనంగా చదివే సైన్స్ సబ్జెక్టులు, పాసైతే పై చదువులకి వెళ్లొచ్చు. కానీ మామూలు సబ్జెక్టులతో పాటు అదీ చదవాలి కదా, పిల్లలు నలిగిపోయేది అక్కడే. బ్రిడ్జ్ క్లాసులు నిజంగా జరుగుతాయా అని చేరకముందే అడగండి.

బొబ్బిలి నుంచి:
సీట్లు మిగిలాయని చదువు బాగోలేదనుకోవద్దు, మనవైపు అందరూ ఎంపీసీ అంటారు. ల్యాబ్ చూడండి, సీనియర్లతో మాట్లాడండి. ల్యాబ్ ఉద్యోగమైతే రెండేళ్ల తర్వాత ఏడాది ఆసుపత్రిలో అప్రెంటిస్‌షిప్ కూడా ఉంటుంది. నర్సింగే కావాలంటే మాత్రం నా మాట బైపీసీకే.

ఆమదాలవలస నుంచి:
థాంక్సండి, సోమవారం అమ్మని కాలేజీకి తీసుకెళ్తాను.