ఇంటి స్కేల్‌లో 24, జిమ్ మెషిన్‌లో 29: బాడీ ఫ్యాట్ ఏది నమ్మాలి? (తిరుపతి)

మెట్లదారి:
వయసు 41, మగ. ఎత్తు 165, బరువు 72. ఇంట్లో ఎక్కి నిలబడే డిజిటల్ స్కేల్ కొవ్వు 24 శాతం అంటోంది. జిమ్‌లో చేతులతో కూడా పట్టుకునే పెద్ద మెషిన్ 29 అంటోంది. శనివారాలు అలిపిరి నుంచి నడిచి కొండెక్కి, బస్సులో దిగొచ్చాక కొలిస్తే రెండింట్లోనూ అంకె మారిపోతుంది. ఎట్ల కొలవాలి? ఇంకొకటి. అమ్మకు 62, షుగరుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. రెండు నెలల్లో ఆమెకు కండ కిలోన్నర పెరిగిందని అదే స్కేల్ చూపిస్తోంది. నమ్మొచ్చా?

ఓముల లెక్క:
ఏ మెషినూ కొవ్వును కొలవదన్నా. ఒక మిల్లీ ఆంపియర్ లోపు ఏసీ కరెంటును, మామూలుగా 50 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒంట్లోకి పంపి ఎంత అడ్డు (నిరోధం) తగిలిందో ఓముల్లో చూస్తుంది. కొవ్వు కాని భాగంలో దాదాపు 73 శాతం నీళ్లే, అందులో లవణాలుంటాయి కాబట్టి కరెంటు సులువుగా పోతుంది. కొవ్వులో పోదు. మిగతాదంతా సూత్రం వేసే లెక్క.

కంపెనీలు తమ సూత్రాలు బయటపెట్టవు కాబట్టి 2001లో జెనీవా నుంచి కైల్ బృందం ప్రచురించిన సూత్రంతో చూపిస్తాను. ఇది పడుకోబెట్టి, చేతికీ కాలికీ ఎలక్ట్రోడ్లు అంటించి కొలిచే పద్ధతికి (రియాక్టెన్స్ అంటే కణాల పొరల వల్ల ఏసీ కరెంటుకు తగిలే అడ్డు):

కొవ్వు కాని బరువు = 0.518 × (ఎత్తు² ÷ నిరోధం) + 0.231 × బరువు + 0.130 × రియాక్టెన్స్ + (మగవాళ్లకు 4.229) − 4.104

మీ ఎత్తు, బరువు తీసుకుని, నిరోధం 500, రియాక్టెన్స్ 52 అనుకుందాం. కొవ్వు కానిది 51.7 కిలోలు వస్తుంది, అంటే కొవ్వు 28.2 శాతం. నిరోధం ఒక్కటే 530కి పెరిగితే కొవ్వు 30.4 అవుతుంది, 470కి తగ్గితే 25.7. ఒంట్లో గ్రాము కొవ్వు కూడా అటూ ఇటూ కాలేదు! ఎత్తు 167 అని తప్పు కొట్టినా 0.7 కిలో కండ ఊరికే వచ్చి చేరుతుంది. కొలిచే ముందు లీటరు నీళ్లు తాగితే, ఆ నీళ్లు కడుపులోనే ఉంటాయి కాబట్టి నిరోధం పెద్దగా మారదు, బరువు మాత్రం కిలో పెరుగుతుంది. సూత్రం అందులో 0.23 కిలో కొవ్వు కానిదనీ, 0.77 కిలో కొవ్వనీ పంచేస్తుంది.

ఇంటి స్కేల్‌లో కరెంటు ఒక కాలిలో ఎక్కి రెండో కాలిలో దిగుతుంది. పొట్ట, ఛాతీ, చేతులు అంచనాయే. కాళ్లు సన్నగా ఉండి పొట్ట ఉన్న మగవాళ్లకు తక్కువ చూపడం మామూలే. స్కేల్‌లో 'అథ్లెట్ మోడ్' ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, అది సూత్రాన్నే మార్చేస్తుంది. రెండు మెషిన్ల అంకెలు పోల్చకండి. ఒకదాన్నే పట్టుకుని, దాని పోకడ చూడండి.

జిమ్ కోచ్, చిత్తూరు:
పొద్దున లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు, ఐదు పది నిమిషాలు అటూ ఇటూ తిరిగాక కొలవండి. ముందురోజు సాయంత్రం గట్టి వర్కౌట్ వద్దు, మద్యం అసలే వద్దు. వారంలో మూడు రోజులు కొలిచి సగటు రాసుకోండి. ఒక్కరోజు అంకెకు విలువ ఇవ్వకండి.

ఎక్కువమంది పట్టించుకోనిది పాదాల సంగతి. చెప్పుల్లేకుండా కొండెక్కేవాళ్లకు మడమల్లో పగుళ్లు, గట్టిపడిన చర్మం ఉంటాయి, పలకకు సరిగా తగలవు. నూనె, మందంగా పూసిన పసుపు ఉన్నా అంతే. తడిగుడ్డతో తుడిచి, కాస్త చెమ్మ ఉండగానే ఎక్కండి, నీళ్లు కారకూడదు. స్కేల్ బండల మీద ఉండాలి, చాప మీద కాదు. తొడలు ఒరుసుకునేవాళ్లు మధ్యలో పొడి నూలుగుడ్డ పెట్టుకోవాలి, లేకపోతే కరెంటు అడ్డదారిన పోయి నిరోధం తగ్గిపోతుంది. చేతులు కూడా ఒంటికి ఆనకూడదు.

కొండెక్కిన రోజు అసలు కొలవొద్దు. దిగొచ్చిన వెంటనే చర్మం వేడిగా, చెమటగా ఉంటుంది కాబట్టి నిరోధం తగ్గి కొవ్వు తక్కువ చూపొచ్చు. ఏసీ గదిలో చల్లబడ్డాక, పోయిన నీళ్లు ఇంకా తిరిగి రాకముందు అదే కొవ్వు ఎక్కువగా కనిపిస్తుంది. మరుసటి రోజు కాదు, సోమవారం పొద్దున చూడండి.

డైటీషియన్, తిరుపతి:
అమ్మగారి విషయం ముందు చూడండి. వాపును చూసి బలుపనుకోవడం అంటారే, ఈ స్కేల్ అక్షరాలా అదే చేస్తుంది. కాళ్లలో చేరిన నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, ఆ తగ్గిన నిరోధాన్ని సూత్రం కండగా లెక్కేస్తుంది. పైగా ఇంటి స్కేల్ కొలిచేది సరిగ్గా ఆ వాచిన కాళ్లనే. ఆ కిలోన్నర కండ కాకపోవచ్చు. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు చేయించి డాక్టర్‌ని కలవండి. పయోగ్లిటజోన్, ఆమ్లోడిపిన్ లాంటి మాత్రలతోనూ పాదాలు వాస్తాయి కాబట్టి మందుల చీటీ తీసుకెళ్లండి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి.

ఐదారు ఫ్రీక్వెన్సీలతో కొలిచే మెషిన్లు కణాల బయటి నీళ్లను విడిగా అంచనా వేస్తాయి. తక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు కణంలోకి దూరలేదు, ఎక్కువది దూరుతుంది. మొత్తం నీళ్లలో బయటివి 0.39 వంతు దాటాయంటే వాపు అనుమానించాలి.

కండ ఎలా పనిచేస్తోందో తెలుసుకోవాలంటే కుర్చీ చాలు. చేతులు ఛాతీకి కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, ఆపైన పడితే ఆసియా సార్కోపీనియా (వయసుతో కండ తగ్గిపోవడం) బృందం 2019 ప్రమాణం ప్రకారం శారీరక సామర్థ్యం తక్కువే. ఆమె గుండెకు పేస్‌మేకర్ ఉంటే మాత్రం ఈ స్కేల్ ఎక్కించకండి.

మీకు కూడా ఒక మాట. మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 26.4, మనవాళ్లకు 25 దాటితే ఊబకాయమే. పుణె యాజ్ఞిక్, లండన్ యుడ్కిన్ అనే ఇద్దరు డాక్టర్లు 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ సొంత కొలతలే వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3, కొవ్వు మాత్రం ఒకరికి 21.2 శాతం, ఇంకొకరికి 9.1. ఎక్కువున్నది మన పుణె ఆయనకే. అందుకే 24, 29ల తగువు కన్నా నడుం చుట్టుకొలత మీకు ముఖ్యం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలాక టేపు పెట్టండి. 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

మెట్లదారి:
నడుం 97 ఉండాది మేడమ్. అమ్మకు పరీక్షలు ఈ వారమే చేయిస్తాను. డెక్సా స్కాన్ తీయించుకుంటే కచ్చితంగా తెలుస్తుందా?

ఓముల లెక్క:
డెక్సా అంటే ఎక్స్‌రేలతో తీసే స్కాన్. ఈ మెషిన్ల కన్నా నమ్మకమైనది, రేడియేషన్ కూడా చాలా తక్కువ. కానీ ఎముకల కోసం తీసే మామూలు డెక్సాలో వెన్ను, తుంటి మాత్రమే తీస్తారు. 'హోల్ బాడీ, కొవ్వు, కండ విడిగా రిపోర్టు ఇస్తారా' అని ఫోన్‌లోనే అడిగి వెళ్లండి.