ఊటీ గోల్ఫ్‌లో బంతి పొద్దున్న ఒక దూరం, పదింటికి ఒక దూరం: ఏ క్లబ్ (కొట్టే కర్ర) తియ్యాలి?

మాది విజయనగరం. గోల్ఫ్ ఆడేది విశాఖ ముడసర్లోవ కోర్సులో, అంటే దాదాపు సముద్రమట్టంలో. అక్కడ నా సెవెన్ ఐరన్ క్లబ్‌తో కొడితే బంతి 140 గజాలు నమ్మకంగా వెళ్తుంది. ఊటీ వెన్‌లాక్ డౌన్స్ మీదున్న జింఖానా కోర్సులో మాత్రం లెక్క కుదరడం లేదు.

ఆ ఊరు సుమారు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పల్చన కాబట్టి బంతి 8, 9 శాతం ఎక్కువ పోతుందని చదివి, ఒక క్లబ్ తగ్గించి, అంటే తక్కువ దూరం కొట్టే ఎయిట్ ఐరన్ వాడాను. పది దాటాక, ఎండ వచ్చాక ఇది చక్కగా పనిచేసింది. కానీ ఏడింటికి, గడ్డి మీద మంచు ఉండగా కొడితే అదే షాట్ గ్రీన్‌కి (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డికి) పది, పన్నెండు గజాల ముందే పడిపోతోంది. సెవెన్‌కి మారితే కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు గ్రీన్ దాటి పొదల్లోకి పోతుంది. అంత అందమైన కోర్సులో బంతి వెతుక్కోవడంతోనే సరిపోతుంటే బాధగా ఉంది.

ముందుగా బాగా వార్మప్ చేశాను, స్వెట్టర్ తీసేసి కొట్టాను, కొత్త బంతి వాడాను. తేడా లేదు. బంతిని వేడి చెయ్యడం రూల్స్ ఒప్పుకోవు, ఆ సలహా వద్దండి. చదునైన చోట, గాలి లేనప్పుడు కొట్టినవే చెబుతున్నాను.

సంక్రాంతి వెళ్లాక మిత్రులతో మళ్లీ వెళ్తున్నాం, టీ టైమ్ (ఆట మొదలుపెట్టే టైమ్) ఏడింటికే. కోస్తా నుంచి వెళ్లి ఊటీలో చలి పొద్దున్న ఆడినవాళ్లు చెప్పండి: ఆ వేళలో 140 గజాల షాట్‌కి మీ మామూలు క్లబ్బే తీస్తారా, ఒకటి తగ్గిస్తారా?